గడపలో తాజా పోస్టులు

ఓదెలు రోజూ పొద్దున తొమ్మిదింటికి బ్యాటరీల షాపు షట్టరు ఎత్తి, అగరుబత్తి వెలిగించి, ఫోనులో 'గడప' తెరుస్తాడు. పైన కుడివైపు 'తాజా పోస్టులు' అని ఉంటుంది. దాన్ని నొక్కుతాడు. నాలుగేళ్లుగా అక్కడ రెండే పేర్లు కనిపిస్తున్నాయి. ఒకటి అతనిది, రెండోది కూతురు అన్వితది. మూడో పేరు కోసం చూసి, ఫోను జేబులో పెట్టుకుని పనిలో పడతాడు.

గడప తొమ్మిది కుటుంబాల ఫోరం. బెల్లంపల్లికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో మూతపడిన ఒక బొగ్గు గనిలో, మూడు వందల మీటర్ల లోతున, తొమ్మిది గదులున్నాయి. ఆ గదుల్లో కాలం నిదానంగా నడుస్తుంది. లోపల ఒక రోజు గడిచేసరికి బయట ఇరవై రోజులు గడుస్తాయి. ఇంకా మందు కనిపెట్టని జబ్బులవాళ్లు, మందు వచ్చేదాకా అక్కడ ఉంటారు. గదికి ఒకరు. ఒకరితో ఒకరికి మాటల్లేవు. ఓదెలు భార్య స్వరూపది ఏడో గది. ఆమె దిగి ఏడేళ్లయింది. దిగిననాడు అన్వితకు ఐదేళ్లు, ఇప్పుడు పన్నెండు. స్వరూప లెక్కలో మాత్రం గడిచింది నాలుగు నెలలు.

మొదటి వారం ఫోను కలిపి చూశారు. ఓదెలు గొంతు లోపలికి ఈల లాగా వెళ్లింది. స్వరూప గొంతు బయటికి ఘాట్ రోడ్డు ఎక్కుతున్న లారీ మోతలాగా వచ్చింది. దాంతో రాతే దిక్కయింది. ఆ గదులు నడిపే ప్రయోగశాలవాళ్లు ఫోరం పెట్టి, కుటుంబానికో థ్రెడ్ ఇచ్చారు. ఓదెలు వారానికి ఒకటి రాసేవాడు. స్వరూప రోజుకు ఒకటి రాసేది. అది ఇతనికి ఇరవై రోజులకు ఒకటిగా అందేది. మూడేళ్ల పైచిలుకు అలా నడిచింది. తర్వాత ఆమె పోస్టులు ఆగిపోయాయి.

"ఇది మేము ఊహించిందే" అంది అప్పట్లో డాక్టర్ రేవతి. ప్రయోగశాలకు ఆమే పెద్ద. "వాళ్లకి నిన్న పాలపళ్ల పిల్ల, ఇవాళ బడికెళ్లే పిల్ల. తట్టుకోలేక రాయడం తగ్గిస్తారు. తొమ్మిది గదుల్లోనూ అదే వరుస. దీన్ని మౌన దశ అంటున్నాం. ఒత్తిడి పెట్టకండి, మీరు మాత్రం రాస్తూ ఉండండి."

ఆ మౌన దశ మీద వాళ్లు ఒక పరిశోధనా పత్రం కూడా ప్రచురించారు. కుటుంబాల థ్రెడ్లు సిబ్బంది ఎవరూ తెరవకూడదన్నది అక్కడి నియమం. అందుకని ఎవరూ తెరవలేదు.

ఓదెలు రాస్తూనే ఉన్నాడు. అన్విత చదవడం, రాయడం నేర్చుకున్నాక తనూ మొదలుపెట్టింది. ఎనిమిదేళ్లప్పుడు వారం వారం రాసేది. పదేళ్లు దాటాక నెలకొకటి. ఈ ఏడాది మూడు.

"ఏం రాయాలె నాన్నా? మాట్లాడని మనిషికి?" అని అడిగింది ఒకసారి.

"ఏదన్న రాయి బిడ్డా. కబడ్డీల గెలిచినవ్ గద, అది రాయి."

"నువ్వు రాసినవ్ గద."

"నువ్వు రాస్తే వేరే."

"చదివితే గద వేరే అయ్యేది" అని బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయింది.

ఆ ఏడాది నవంబరు రెండున రేవతి, థ్రెడ్ తెరవకుండానే, ఏడో గదికి నోటీసు పెట్టింది. స్వరూపకున్న జబ్బుకు మందు వచ్చింది. తొలి విడతలో పన్నెండు మందికి ఇస్తారు. ఏడో గదికి ఒక చోటు ఉంది. రోగి తన సమ్మతిని స్వయంగా రాసి ఇవ్వాలి. గడువు డిసెంబరు పన్నెండు, సాయంత్రం ఐదు. రాయకపోతే వద్దన్నట్టే లెక్క. తర్వాతి విడత మూడేళ్లకు. ఈలోగా స్వరూప జబ్బు మూడో దశకు చేరుతుంది, అప్పుడు ఆ మందు పని చేయదు. జబ్బు ఆమె శరీరంలో ఆమె కాలం ప్రకారమే నడుస్తోంది. ఆ కాలంలో నెల రోజులే మిగిలాయి.

ఇరవై అయిదు రోజులు గడిచాయి. జవాబు లేదు. నవంబరు ఇరవై ఏడున ప్రయోగశాల నుంచి ఓదెలుకు ఒక ఫారం వచ్చింది. రోగి మౌనంగా ఉన్నట్టు కుటుంబం ధ్రువీకరించాలి. థ్రెడ్‌లో మొత్తం పోస్టులు ఎన్ని? రోగి రాసినవి ఎన్ని? చివరిది ఏ తేదీన? మూడు గళ్లు. కింద సంతకం.

ఓదెలు బ్యాటరీల షాపు పెట్టకముందు గనిలో ల్యాంప్ రూం గుమాస్తా. అక్కడి పద్ధతి ఇది. దిగే మనిషికి రెండు ఇత్తడి బిళ్లలుంటాయి, రెండింటి మీదా ఒకే నంబరు. ఒకటి ల్యాంప్ రూంలో ఇచ్చి దీపం తీసుకుంటాడు, రెండోది జేబులో పెట్టుకుని దిగుతాడు. ఎక్కి వచ్చాక రెండు బిళ్లలూ ఒక చోట కలుస్తాయి. షిఫ్టు చివర ఒక్క బిళ్ల జంట లేకుండా మేకుకు మిగిలితే గుమాస్తా ఇంటికి పోకూడదు. పదహారేళ్లు ఆ పని చేశాడు. స్వరూప దిగేరోజు తన నంబరు నూట పదిహేడు ఉన్న రెండు బిళ్లల్లో ఒకటి ఆమె చేతిలో పెట్టి, రెండోది ఉంచుకున్నాడు. అది ఇంట్లో క్యాలెండరు మేకుకు వేలాడుతోంది.

ఆ అలవాటుతోనే పోస్టులకూ నోటుబుక్కు పెట్టాడు. తేదీ, రాసింది ఎవరు. ఫారం నింపడానికి కూర్చుని బుక్కులో కూడితే నాలుగు వందల తొంభై ఏడు వచ్చింది. ఫోరంలో మొత్తం ఎంతో చూడటానికి 'అన్ని పేజీలు' నొక్కాడు. ఏడేళ్లలో దాన్ని నొక్కడం అదే మొదటిసారి. తాజావి ఉండగా దానితో పని పడలేదు. అక్కడ ఐదు వందల డెబ్భై ఎనిమిది అని ఉంది.

మళ్లీ కూడాడు. అన్వితతో కూడించాడు. నాలుగు వందల తొంభై ఏడే.

"ఎనభై ఒకటి ఎక్కువున్నయ్" అంది అన్విత. "నువ్వు బుక్కుల ఎక్కించుడు మర్చిపోయినవేమో."

"నేనా?"

ఆమె నవ్వింది. మరచిపోయే మనిషి కాదని ఆమెకూ తెలుసు.

ఓదెలు ఒకటో పేజీకి పోయాడు. దిగినవాళ్ల పట్టీ చూసినట్టు పైనుంచి ఒక్కొక్క పోస్టూ బుక్కుతో సరిచూస్తూ వచ్చాడు. మొదటి ఎనిమిది వారాలు సరిపోయాయి. మూడో పేజీలో, స్వరూప దిగిన తొలి ఏడాది జనవరి పదహారు దగ్గర, బుక్కులో లేని పోస్టు ఒకటి తగిలింది.

"అన్విత నాన్నా, పొద్దున లేచి చూస్తె మీ పోస్టులన్ని పోయినయ్. నిన్నటిదాక ఉండె. దిగిన కొత్తల రాసిన ఎనిమిది మాత్రం మిగిలినయ్. మిషన్ ఖరాబైందా?"

దాని కింద జనవరి పంతొమ్మిది. "కొత్తయ్ ఇంక రాలే. నువ్వే తీసేసినవా? తీసేస్తె తీసేసినవ్ గని, ఎందుకో ఒక్క మాట రాయి."

ఫిబ్రవరి రెండు. "గోడ మీద గీతలు గీసి లెక్క చేస్తున్న. బిడ్డకు తొమ్మిదేండ్లు నిండినయ్. జడలు ఎవరు వేస్తున్నరు?"

మార్చి మూడు. "ఇంకో పెండ్లి చేసుకున్నవనుకో. తప్పు లేదు. వయసున్నది. చేసుకున్న అని రాస్తె నాకు నిద్ర పడ్తది."

మార్చి ఇరవై ఒకటి. అది ఎనభై ఒకటోది. "రేపటి సంది గడప తెరవ. వారానికొకటి తిరిగి వస్తున్నయి పాతవే, అన్ని నోటికి వచ్చినయ్. అన్విత పైలం."

అన్విత ఫోను లాక్కుని మొదటినుంచి చదివింది. ఓదెలు కుర్చీలోంచి లేచి, మేకుకున్న బిళ్ల తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

మరునాడు ఇద్దరూ ప్రయోగశాలకు వెళ్లారు. ఫోరం చూసుకునే ఇంజినీరు ఫరీద్ నోటుబుక్కు చూశాడు, థ్రెడ్ చూశాడు. నాలుగేళ్ల కిందట ఫోరాన్ని పాత యంత్రం నుంచి కొత్తదానికి మార్చింది అతనే.

"మా ల్యాబుల మొదటి రూలు అన్నా. ఏ గదిల రాసినా ఆ గది గడియారమే వెయ్యాలె. లేకపోతే లెక్కలన్ని తప్పు. పాత ఫోరం బయటి టైము వేస్తుండె. అది చూసి నేనే మార్చిన. మంచి పని చేసిన అనుకున్న."

కాగితం మీద రెండు గీతలు గీసి చూపించాడు. స్వరూప గడియారం నెమ్మది. ఆమె ఇవాళ రాసినదాని మీద ఏడేళ్ల వెనకటి తేదీ పడుతుంది. ఫోరం తేదీల వరసన పేర్చి, ఆమె పోస్టును మూడో పేజీలో కప్పెడుతుంది. తాజా పోస్టుల్లోకి అది రాదు. ఓదెలు రాసినదాని మీద ఇవాళ్టి తేదీ ఉంటుంది. ఆమె గడియారంలో ఆ తేదీ ఇంకా రాలేదు. తేదీ రాని పోస్టును ఫోరం చూపించదు. నోటీసు కూడా అంతే.

"అంటే నోటీసు అమ్మకు కనబడలే" అంది అన్విత.

"ఒక్కటి గూడ కనబడలే."

"నేను రాసినయ్ గూడనా?"

ఫరీద్ కళ్లద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు.

రేవతి వచ్చింది. మిగతా ఎనిమిది థ్రెడ్ల పాత పేజీలు తెరిపించింది. అన్నింట్లోనూ అలాగే ఉన్నాయి. రెండో గదిలోని పెద్దాయన నూట పది పోస్టులు రాశాడు. ఆయన కొడుకు విసుగొచ్చి రెండేళ్ల కిందటే రాయడం మానేశాడు. రేవతి గోడకు ఫ్రేము కట్టి ఉన్న పరిశోధనా పత్రం వైపు చూసి, కుర్చీలో కూర్చుంది.

"తొమ్మిది మందీ ఒక్కసారే మౌనం అయ్యారు. అది చూసి మేం సిద్ధాంతం కట్టాం" అంది.

"ల్యాంప్ రూంల ఒక్క బిళ్ల తక్కువ పడితే," అన్నాడు ఓదెలు, "మనిషికి పైకి రాబుద్ధి కాలేదని రాసుకోం మేడం. లోపల ఎక్కడున్నడో చూస్తం."

ఆమె తల ఊపింది.

ఫరీద్ ఆ సాయంత్రానికి ఫోరాన్ని సరిచేశాడు. అన్ని పోస్టులకూ బయటి తేదీలు వేశాడు. ఇప్పుడు స్వరూప తెర మీద నాలుగేళ్ల పోస్టులు, రెండు వందల ఎనభై రెండు, ఒక్కసారిగా వచ్చి ఉంటాయి. పైన నోటీసు ఉంటుంది. ఆమె తెరిస్తే కనిపిస్తుంది. తెరవనని ఆమె రాసి అప్పటికి వాళ్ల లెక్కలో నాలుగున్నర నెలలు, ఆమె లెక్కలో వారం.

"తలుపు తెరిచి చెప్పలేరా?" అని అడిగాడు ఓదెలు.

"గది వేగాన్ని బయటి వేగానికి తేవడానికే తొంభై రోజులు పడుతుంది. అదీ ఆమె ఒప్పుకుంటేనే మొదలుపెట్టగలం" అంది రేవతి. "గడువు పెంచమని మందు కంపెనీని అడిగాను. కుదరదన్నారు. ఇక లోపలికి పోయేది తిండి ఒక్కటే. ఇరవై రోజులకోసారి కిటికీలో పళ్లెం పెడతాం. ఆ కిటికీ ఈసారి డిసెంబరు ఆరున తెరుచుకుంటుంది."

"దాంట్ల చీటీ పెట్టొచ్చుగద" అంది అన్విత.

"ప్రతిదీ ఆవిరిలో ఉడికించి పంపాలమ్మా. కాగితం నిలవదు. ఏదైనా చెక్కి పంపుదామన్నా, రాతపని ఫోరంలో తప్ప మరో దారిన పోకూడదని అనుమతి పత్రంలో ఉంది. అది మార్పించాలంటే నెల పడుతుంది."

ఓదెలు జేబులోంచి బిళ్ల తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది ఇత్తడి. ఆవిరికి ఏం గాదు. ఉత్తరం గాదు, నంబరే."

రేవతి దాన్ని తిప్పి చూసింది. ఒకవైపు 117. రెండోవైపు ఏమీ లేదు.

"దీన్ని చూస్తే ఆమెకేం తెలుస్తుంది?"

"పైన మేకుకు ఉండాల్సిన బిళ్ల కిందికి రాదు మేడం. ఎన్నడు రాదు. రెండు ఒక్క దగ్గర పడ్డయంటె మనిషి పైకి వచ్చినట్టే. ఆమె ల్యాంప్ రూం గుమాస్తా పెండ్లం. తెలుస్తది."

డిసెంబరు ఆరు ఉదయం పది గంటలకు పళ్లెంలో ఉప్మా, గ్లాసెడు పాలు, వాటి పక్కన బిళ్ల పెట్టి కిటికీ మూశారు. ఓదెలు అద్దం ఇవతల నిలబడి చూశాడు. తర్వాత షాపుకు వెళ్లాడు. ఆ రోజు ఒక ఆటోకు బ్యాటరీ తీగలు తారుమారుగా బిగించాడు. ఆటో డ్రైవరు "ఏందన్నా, నువ్వేనా?" అన్నాడు.

పోస్టు కింద చదివినవాళ్ల పేర్లు పడతాయి. ఏడో తేదీ పొద్దున షట్టరు ఎత్తి చూసేసరికి, నోటీసు కింద స్వరూప పేరు ఉంది.

అన్విత బడికి ఫోను చేశాడు. పీఈటీ సారు పిలిచి ఇచ్చాడు.

"అమ్మ గడప తెరిచింది బిడ్డా. నోటీసు చూసింది."

"ఏం రాసింది?"

"ఏం రాయలే ఇంక."

ఆ పగలంతా ఏమీ రాయలేదు. నాలుగింటికి అన్విత బడి నుంచి నేరుగా షాపుకొచ్చి, ఫోను తీసుకుని పాత పేజీల్లోకి పోయింది. నాలుగేళ్ల కిందటి జనవరి పోస్టు కింద అమ్మ పేరు పడింది. ఇరవై నిమిషాలకు దాని తర్వాతి పోస్టు కింద పడింది. మరో ఇరవై నిమిషాలకు ఇంకోదాని కింద.

"మొదటి సంది చదువుతుంది నాన్నా."

"ముందు సంతకం పెట్టి చదువుకోవచ్చు గద! ఎనభై రెండున్నయ్, దానిమీద రెండు వందలు. ఒక్కోదానికి ఇరవై నిమిషాలంటె..."

అన్విత లెక్క వేసింది. "నాలుగు రోజులు. పదకొండో తారీఖుకు అయితది."

"పన్నెండుకు గడువు."

"అయితది అంటున్న గద."

ఆ నాలుగు రోజులూ వాళ్లు స్వరూప చదవడాన్ని చూశారు. అన్విత రాసిన మొదటి పోస్టును ఆమె ఎనిమిదో తేదీన దాటింది. అక్షరదోషాలతో నిండిన పోస్టు అది. అక్కడ ఇరవై నిమిషాలు కాదు, గంటన్నర పట్టింది. గవదబిళ్లలు వచ్చి బడి మానేసిన వారం. ఓదెలు షాపు పెట్టిన రోజు. నాయనమ్మ పోయిన పోస్టు దగ్గర మళ్లీ గంటన్నర. అన్విత వారం వారం రాసిన ఏడాది మీద దాదాపు రెండు రోజులు నడిచింది. అన్విత తను రాసి మరిచిపోయినవి కూడా అమ్మ వెనకే మళ్లీ చదువుకుంది.

"ఇది నేనే రాసిన్నా? గింత లొల్లి పెట్టిన్నా పెన్సిల్ డబ్బా కోసం?"

"రెండు రోజులు అన్నం తినలే."

"అబద్ధం."

"బుక్కుల ఉన్నది, చూడు."

పదకొండో తేదీ మధ్యాహ్నం ఒంటిగంట నలభైకి చివరి పోస్టు కింద పేరు పడింది. మరుక్షణం థ్రెడ్ అడుగున ఒక వరస వచ్చింది. 'స్వరూప రాస్తున్నారు'. ఆమె పది నిమిషాలు రాస్తే వీళ్లకు మూడు గంటల పైమాటే. ఓదెలు ఫోను ఛార్జింగుకు పెట్టి, కౌంటరు మీద నిలబెట్టి ఉంచాడు. ఇద్దరు గిరాకీలు వచ్చి వెళ్లారు. వరస అలాగే ఉంది. అన్విత వచ్చింది. వరస అలాగే ఉంది.

ఐదుకు ఇంకా రెండు నిమిషాలుండగా 'తాజా పోస్టులు' మీద ఒకటి అని అంకె పడింది. ఓదెలు నొక్కాడు. మూడో పేరు ఉంది.

అది నోటీసుకు జవాబు కాదు. అన్విత ఎనిమిదేళ్లప్పుడు రాసిన పోస్టుకు జవాబు. ఆ పోస్టులో ఇలా ఉంది. "అమ్మా రెండు జడలకు పాపిట ఎట్ల తియ్యాలె. నాన్న తీస్తె వంకర పోతుంది. బడిల నవ్వుతున్నరు."

స్వరూప రాసింది: "దువ్వెన కొసతోటి నడినెత్తి సంది మెడ గుంట దాక ఒక్కటే గీత, ఆపకుండ. నాన్నను నీ ఎనక కూసోమని చెప్పు, నిలబడి తీస్తె వంకరనే పోతది. తల వంచకు. ఆలస్యమైంది బిడ్డా, ఇయ్యాలనే చూసిన. ఇప్పుడు సక్కగ వస్తుందా?"

అన్విత రెండుసార్లు చదివింది. చెయ్యి మెడ మీదికి పోయింది. కబడ్డీ జట్టులో చేరిననాడు ఆమె జుట్టు చెవుల కిందికి కత్తిరించుకుంది. దానికి రెండేళ్లయింది. ఆ సంగతి గడపలో ఇద్దరిలో ఎవరూ రాయలేదు.

"ఏం రాద్దాం?" అన్నాడు ఓదెలు.

"సక్కగ వస్తుందని రాయి."

"అబద్ధం గద."

"నువ్వు రాయకు అయితె. నేను రాస్త" అని ఫోను తీసుకుంది. రాసి, పంపి, కౌంటరు మీద బోర్లా పెట్టింది.

పన్నెండో తేదీ ఉదయం పదకొండు దాటాక నోటీసు కింద సమ్మతి వచ్చింది. గళ్లన్నీ నింపి ఉంది. 'ఇతర విషయాలు' అన్న గడిలో ఇలా రాసింది: "నూట పదిహేడు నంబరు బిళ్లలు రెండు నా దగ్గరనే ఉన్నయ్. ల్యాంప్ రూంల నా పేరు కొట్టెయ్యకుండ్రి. వస్తున్న."

ఫరీద్ ఫోను చేసి గట్టిగా ఏదో చెప్పాడు. అవతల ఎవరో చప్పట్లు కొడుతున్నారు. రేవతి ఫోను తీసుకుని, ఏడో గది వేగం పెంచడం సాయంత్రం మొదలుపెడతామని, తొంభై రోజులు పడుతుందని, మార్చి పన్నెండున తలుపు తీస్తామని చెప్పింది. ఓదెలు నోటుబుక్కులో తేదీ రాసుకున్నాడు.

ఆదివారం షాపు పక్కనున్న సెలూన్ అతను అన్వితను చూసి, "రా బిడ్డా, నెలయింది గద, కటింగ్ చేద్దాం" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపి లోపలికి వచ్చింది.

"నాన్నా, తొంభై రోజుల్ల జుట్టు ఎంత పెరుగుతది?"

ఓదెలు స్పానరు కింద పెట్టాడు. "నెలకు అర అంగుళం అంటరు. ఒకటిన్నర."

"రెండు జడలకు సాలదు."

"సాలదు" అన్నాడు ఓదెలు. ఆమె నడినెత్తి వైపు చూశాడు. "పాపిటకు సాలుతది."